బదులు

అహ్మదీ,
డిసెంబరు 6, 1980.

అక్కా,

నేను ఇక్కడ క్షేమం. నువ్వు మాత్రం క్షేమమని రాయవద్దు, నిజం రాయి.

ఈ ఉత్తరం తెచ్చేది రాయచోటి మాబు. జహ్రాలో నువ్వు పనిచేసే ఇంటి యజమాని బాబాకు నీళ్ళ ట్యాంకర్లు ఉన్నాయని, అందులో ఒకటి మాబు తోలతాడని, అదే ట్యాంకరు మా క్యాంపుకూ వస్తుందని మొన్ననే తెలిసింది. ఒకే అరబ్బు దేశంలో ఉండి రెండేళ్ళుగా నీ ముఖం చూడలేదు. నువ్వు తాగే నీళ్ళే నేనూ తాగుతున్నానని తెలిసినప్పుడు నవ్వాలో ఏడవాలో తోచలేదు. మీ మిద్దె మీది తొట్టి నింపేటప్పుడు మాబు స్పానరుతో గొట్టం మీద కొడతాడు. నువ్వు గరిటెతో బదులు కొట్టు. ఉత్తరం తొట్టి కింద ఇటుక సందులో ఉంటుంది.

ఈ ఉపాయం నాది కాదు, యూజెఫ్‌ది. మా క్యాంపులో ఉన్నవాళ్ళు పోలండు దేశస్థులు. సొంత ఊళ్ళలో బొగ్గు గనుల్లో దిగేవాళ్ళు, ఇక్కడ భూమి కింద పెద్ద తూము తవ్వుతున్నారు. వాళ్ళ మేస్త్రీ ముసలి యూజెఫ్. నేను వాళ్ళ వంటింట్లో ఎర్రగడ్డలు తరుగుతాను. గని కూలిపోయి లోపల చిక్కుకున్నవాళ్ళు గొట్టం మీద కొడతారని, పైనున్నవాళ్ళు తప్పకుండా బదులు కొట్టాలని, ఆ బదులు వినిపిస్తేనే లోపలివాడికి ఊపిరి నిలుస్తుందని అతను చెప్పాడు. ముగ్గురాయి గనిలో బావ దగ్గర మనం ఇంత కథ వినలేదు. అక్కడ టెంకాయ కొట్టి తూటా పేల్చడమే కదా.

మొన్న వాళ్ళకు పెద్ద పండగ జరిగింది. అందరూ బంగారు రంగు గుండీల నల్లకోట్లు, ఈకల టోపీలు పెట్టుకున్నారు. గనివాళ్ళకు నల్ల ఈకలు, ఇంజనీర్లకు తెల్లవి, మేళంవాళ్ళకు ఎర్రవి. ఎర్ర ఈకలు మన కోడిపుంజు తోకలాగా ఊగుతుంటాయి. పండగంతా బార్బరా కోసమే. “బార్బరా... బాబా... బాబ్ సక్కర్” అని యూజెఫ్ తాళం తిప్పినట్టు చేతితో చూపించాడు. ఆమెను బాబా బురుజులో పెట్టి తలుపు మూసేశాడంట. ఆమె పేరు చెప్పి పాటలు పాడుతూ, బాకాలు ఊదుతూ క్యాంపంతా తిరిగారు. డోలు వాయించేవాడు సెలవు మీద పోయాడు. డోలు ఊరికే పడి ఉంటే చూడలేక నేను వేళ్ళతో దరువేశాను. యూజెఫ్ వచ్చి దాన్ని నా మెడలో వేసి, నెత్తిన ఎర్ర ఈకల టోపీ పెట్టాడు. పండగంతా వాయించాను అక్కా.

గనిలోకి దిగేవాడికి వాళ్ళు చెప్పే మాట ఒకటుంది. నా చెవికి ‘చెంచు బోజే’ అని వినిపిస్తుంది. దేవుడు నీ వెంట ఉండాలని అర్థం. నీకూ చెంచు బోజే.

తమ్ముడు,
సిద్ధయ్య


జహ్రా,
డిసెంబరు నెలాఖరు, 1980.

ఒరే సిద్ధా,

నిజం రాయమన్నావు కాబట్టి ముందు నా కోపం రాస్తాను. సముద్రం దాటి పోయి మళ్ళీ పలక మెడలో వేసుకున్నావా? ఊరిలో ఎవరు చచ్చినా, ఎవరి జాతరైనా, పిలిస్తే పోయి వాయించి చెప్పుల దగ్గర కూర్చోవాలని కదా నాయన పలకను అటక మీద పడేసింది. “నా కొడుకు మెడలో ఇది పడగూడదు” అని ఆయన చెప్పినప్పుడు నువ్వు పక్కనే ఉన్నావు. దొరల పండగైతే మాత్రం మెడ మెడ కాదా?

కోపం అయిపోయింది. ఇప్పుడు నా సంగతి. ఒప్పందం రెండేళ్ళు ఎప్పుడో దాటాయి. ఎప్పుడు పంపిస్తావని ఇంటామె మామాను అడిగితే “బాదేన్” అంటుంది. బాదేన్ అంటే తర్వాత. ఈ ఇంట్లో తర్వాత అనే రోజు క్యాలెండరులో లేదు. మామా చెడ్డది కాదు, కొట్టదు, తిండికి లోటు చేయదు. కానీ ఇంటివాళ్ళు బయటికి పోతే నన్ను లోపల పెట్టి తాళం వేసి పోతారు. నా పాస్‌పోర్టు బాబా ఇనప బీరువాలో ఉంది. దాని మీద రోజూ దుమ్ము తుడిచేది నేనే.

అందుకే ఆ బార్బరా సంగతి చదివి రెండు రోజులు నాకు తిండి సహించలేదు. ఏ ఊరి పిల్లరా పాపం? మన దేశందా, సిలోన్‌దా? ఆమె బాబా అంత దుర్మార్గుడా, బురుజులో పెట్టేంత? మీ వాళ్ళు మేళం పెట్టి అడిగితే తలుపు తీశాడా? ఒక పనిమనిషి కోసం ఇంతమంది కోట్లు వేసుకుని బయలుదేరారంటే వాళ్ళు మంచివాళ్ళే. ఆ పిల్ల బయటపడితే నేనూ పడతానని నా మనసుకు గట్టిగా తోస్తోంది. ఏమైందో తప్పక రాయి.

మాబు గొట్టం కొట్టినప్పుడు నాకు గరిటె దొరకలేదు, గాజులతో కొట్టాను.

అక్క,
సంజీవమ్మ


అహ్మదీ,
జనవరి 19, 1981.

అక్కా,

నీ తిట్లు చదివి కడుపు నిండింది. పలక గురించి ఒక్క మాట. ఇక్కడ మేళంవాళ్ళు వరుసకు ముందు నడుస్తారు. వెనుక తెల్ల ఈకల ఇంజనీర్లు నడుస్తారు. పండగ అయ్యాక పెద్ద ఇంజనీరు నా దగ్గరికి వచ్చి కోటు గుండీలు సర్దుకుని మరీ చేయి కలిపాడు. తర్వాత వాళ్ళ బల్ల దగ్గరే కూర్చోబెట్టి పెట్టారు. నేను తరిగిన ఎర్రగడ్డల కూరే అనుకో. నాయన చూసి ఉంటే ఏమనేవాడో నాకు తెలియదు, కానీ చెప్పుల దగ్గర మాత్రం కూర్చోలేదు.

బార్బరా గురించి అడిగావు. ఆమెకు ఏ లోటూ లేదు. అందరూ ఆమె ముందు దీపాలు పెడుతున్నారు. నువ్వు తిండి మానేస్తే ఆమెకేం లాభం లేదు కాబట్టి కడుపు నిండా తిను.

మీ బాబాతో నేను మాట్లాడతానని రెండుసార్లు మాబుతో కబురు పెట్టాను. “నీ అక్కను దాచుకుండేటోడు నీతో యాల మాట్లాడతాడబ్బీ” అని మాబు నవ్వాడు. ఏదో ఒక దారి వెతుకుతాను. చెంచు బోజే.

సిద్ధయ్య


జహ్రా,
ఏప్రిల్ 1981.

సిద్ధా,

ఊరి నుంచి అమ్మ రాయించిన ఉత్తరం మామా చేతికి వచ్చి, నెల తర్వాత నా చేతికి వచ్చింది. గనిలో విరిగిన బావ కాలు అతుక్కోలేదంట. వంకరగా కట్టు కట్టారంట. “నువ్వుంటే ఆస్పత్రికి నడిపించుకోని పోతావుంటివి” అని రాయించింది. నేను వచ్చిందే ఆ కాలు కోసం, ఆ కాలు దగ్గర లేనిది కూడా నేనే.

నీకు ఒకటి చెప్పాలి. మొన్న పాలవాడు వచ్చి పోయాక వాకిలి తెరిచే ఉంది. మామా చిన్న కొడుకు ఫహద్ నిద్రపోతున్నాడు. నేను నడిచాను. వీధి చివరిదాకా పోయాను. అక్కడ నిలబడి చూస్తే నాలుగు వైపులా ఒకటే రంగు గోడలు, ఒకటే రంగు నేల. ఏ వైపు అహ్మదీయో, ఏ వైపు సముద్రమో నాకు తెలియలేదు. ఎవరిని అడగాలి? అడిగితే నన్నెవరంటారు? ఇక్కడ ఉండే అనుమతి కాగితం, ఆ ఇఖామా కూడా బీరువాలోనే ఉంది. తిరిగి వచ్చి నేనే లోపల గడియ వేసుకున్నాను. తలుపు వాళ్ళు వేస్తే కోపం వచ్చేది. నేనే వేసుకున్న రోజు మాత్రం కూర్చుని ఏడ్చాను.

మిద్దె మీద పాలపొడి డబ్బాలో కరివేపాకు మొలిచింది. మాబు తెచ్చిన గింజే. ఎండకు నీడ పట్టి కాపాడుతున్నాను. బార్బరాకు కిటికీ అయినా ఉందా? ఆమె కోసం కూడా కడప రాయుడికి మొక్కుకున్నాను.

అక్క


అహ్మదీ,
నవంబరు 22, 1981.

అక్కా,

దారి దొరికింది. జాగ్రత్తగా చదివి, ఉత్తరం పొయ్యిలో వేసెయ్.

ఈ ఏడు పండగకు క్యాంపుతో పనిచేసే పెద్దమనుషులందరినీ కుటుంబాలతో పిలుస్తున్నారు. నీళ్ళు పోసే మీ బాబాకు కూడా పిలుపు వచ్చింది. మామా వస్తే ఫహద్ వస్తాడు. ఫహద్ నీ చంక దిగడు కాబట్టి నువ్వూ వస్తావు. నీ గురించి యూజెఫ్‌తో చెప్పాను. అతను మీసం దువ్వుకుని, “లోపల మనిషి ఉందని తెలిసి పై వాళ్ళు చేతులు కట్టుకుని కూర్చోకూడదు” అన్నాడు. పండగలో పదిమంది ముందు బాబాను అడుగుతాడంట. విందుకు పిలిచినవాడు నోరు తెరిచి అడిగితే అరబ్బు లేదనలేడని మాబు కూడా అన్నాడు.

నేను డోలు వాయిస్తూ ఉంటాను, వచ్చి పలకరించలేను. నువ్వు పరుగెత్తుకు రావద్దు. కళ్ళతో చూసుకుందాం. నీ పక్కగా వచ్చినప్పుడు నాయన జాతర దరువు వేస్తాను. అది విని నేనేనని తెలుసుకో. ఎందుకంటే ఆ టోపీలో నన్ను గుర్తుపట్టలేవు.

సిద్ధయ్య


జహ్రా,
డిసెంబరు 7, 1981.

సిద్ధా,

గుర్తుపట్టలేనా? ఆ కోట్లన్నింటి మధ్య నల్లటి వాడివి నువ్వొక్కడివే. దరువు దాకా ఎందుకు!

కానీ దరువు వేశావు చూడు, అప్పుడు పరుగెత్తి రావాలనిపించింది. ఫహద్‌ను గట్టిగా పట్టుకుని నిలబడ్డాను. నువ్వు తలెత్తి నడుస్తున్నావు. నీ వెనుక దొరలు అడుగు కలుపుతున్నారు. నాయన చూసి ఉంటే ఏమనేవాడో నాకు తెలుసు. ఏమీ అనేవాడు కాదు. మీసం తడుముకుని అటు తిరిగేవాడు. పోయిన ఏడు నేను రాసిన మాట వెనక్కి తీసుకుంటున్నాను.

ఇప్పుడు నిన్ను తన్నాలి. బార్బరా బొమ్మరా! కొయ్యబొమ్మ! చేతిలో బురుజు పట్టుకుని, చుట్టూ దీపాలతో నిలబడి ఉంది. ఏడాది పొడుగునా ఆ పిల్ల తిన్నదా లేదా అని ఏడ్చాను కదరా. బొమ్మ ముందు నేను నోరు తెరుచుకుని నిలబడితే మామా “షూ హాదా?” అని నవ్వింది. ఇదేమిటని అంటోంది. ఏమని చెప్పను, నాలాంటి పనిపిల్ల అనుకున్నానని చెప్పనా?

తర్వాత జరిగింది నీకు డోలు దగ్గర నుంచి సరిగా కనిపించి ఉండదు. ఇద్దరు ముసలివాళ్ళు ఒక తోలు ముక్కను చెరొక కొస పట్టుకున్నారు. గనిలో కొత్తగా చేరినవాళ్ళు దాని మీదుగా దూకాలంట. దూకినవాడు ఇక వాళ్ళ మనిషంట. పిల్లలను కూడా సరదాకు దూకిస్తున్నారు. ఫహద్ భయపడి నా మెడ పట్టుకున్నాడు. “యల్లా సంజీవా, నువ్వూ దూకు” అని మామాయే తోసింది. చీర ఎగ్గట్టి, వాణ్ణి చంకనేసుకుని దూకాను. ఆడవాళ్ళందరూ చప్పట్లు కొట్టారు. ఆ తోలు పట్టుకున్నవాడే మీ యూజెఫ్ అని అప్పుడు తెలిసింది. అతను తోలు వదిలేసి నేరుగా బాబా దగ్గరికి పోయి టోపీ తీశాడు. ఏదో చెప్పాడు. నన్ను చూపించాడు. మేళం ఆగింది. బాబా ముఖం ఎర్రబడింది. తర్వాత గుండె మీద చేయి పెట్టుకుని “ఇన్షా అల్లా” అన్నాడు.

మీ వాళ్ళు కేకలు పెట్టి టోపీలు ఎగరేశారు. నేను ఎగరలేదు. దేవుడు తలిస్తే అని కదా ఆ మాటకు అర్థం. ఈ ఇంట్లో ఆ మాట నేను చాలాసార్లు విన్నాను.

అక్క


అహ్మదీ,
డిసెంబరు 21, 1981.

అక్కా,

ముందు బార్బరా. అబద్ధం చెప్పాలని కాదు. నిజం రాద్దామని కలం పట్టుకున్నప్పుడల్లా ‘ఆ పిల్ల బయటపడితే నేనూ పడతాను’ అని నువ్వు రాసిన మాట కనిపించేది. ఆమెను లోపల పెట్టి తలుపు మూసింది యజమాని కాదు, కన్న తండ్రి. ఆయనే చివరికి చంపేశాడంట, ఎప్పుడో వందల ఏళ్ళ కింద. ఆ సంగతి నీకు ఎట్లా రాయను?

ఇక్కడ అంతా తలకిందులైంది. పండగ పోయి పది రోజులు కాకముందే వాళ్ళ దేశంలో మిలిటరీ రాజ్యం వచ్చింది. ఫోన్లు తెగిపోయాయి, ఉత్తరాలు రావు, విమానాలు లేవు. ఒక బొగ్గు గనిలో సమ్మె చేసినవాళ్ళ మీద కాల్పులు జరిగాయని రేడియో చెప్పింది. యూజెఫ్ కొడుకు ఆ చుట్టుపక్కల గనిలోనే పనిచేస్తాడు. ఏ గని అని రేడియో వైపు అరుస్తాడు. రేడియో ఇంకేదో చెబుతుంది. బాకాలన్నీ పెట్టెల్లో పడ్డాయి. నిన్న యూజెఫ్ వంటింట్లోకి వచ్చి గ్యాసు గొట్టం మీద చెంచాతో కొట్టి, చెవి పెట్టి విని, నా వైపు చూసి నవ్వాడు. ఆ నవ్వు నేను చూడలేకపోయాను.

వచ్చే నెల క్యాంపు మూసేస్తారంట. మా కాంట్రాక్టరు మాకు పాస్‌పోర్టులు, టికెట్లు ఇచ్చి పంపుతానన్నాడు. కాబట్టి బాబా మాట నిలుపుకుంటే ఇద్దరమూ ఒకే విమానంలో పోదాం. ఇన్షా అల్లాను నమ్ము. నమ్మకపోతే మనకు ఇంకేముంది?

సిద్ధయ్య


జహ్రా,
జనవరి 11, 1982.

సిద్ధా,

శుభవార్త! నిన్న బాబా నన్ను పిలిచాడు. ఇన్నేళ్ళలో ఆయన నాతో నేరుగా మాట్లాడింది లేదు. “సంజీవా, జీబ్ బదల్, ఖలాస్, రూహ్ హింద్” అన్నాడు. తెస్తే అయిపోయింది, ఇండియాకు పో అంటున్నాడు. ఆ ‘బదల్’ అనే మాట ముందెప్పుడూ వినలేదు కానీ అచ్చం మన మాటే. బదులు!

ఆలోచిస్తే నాకు అర్థమైంది. పదిమంది ముందు ఆయన గుండె మీద చేయి పెట్టుకుని మాట ఇచ్చాడు కదా. దానికి మీ వాళ్ళు ఒక బదులు రాయలేదు, మర్యాద చేయలేదు. పెద్దమనిషికి ఆ మాత్రం పట్టింపు ఉంటుంది. మీ క్యాంపు ఇంజనీరు చేత ఇంగ్లీషులో చక్కగా, థాంక్స్ చెప్పి, ముద్ర వేసి, బదులు రాయించి పంపు. ఒక్క కాగితం కోసం ఇన్నాళ్ళు ఆగిందంటే మన ఖర్మ చూడు. ఆలస్యం చేయవద్దు. ఇదే మాట మళ్ళీ మళ్ళీ అన్నాడు.

బావను రైల్వే కోడూరు ఆస్పత్రికి కాదు, నేరుగా తిరుపతికి తీసుకుపోతాను.

అక్క


అహ్మదీ,
జనవరి 20, 1982.

అక్కా,

నీ ఉత్తరం చదివాను. మాబును కూడా ఆ మాటకు అర్థం అడిగాను. నువ్వు అన్నట్టే, అది బదులే.

నిన్న బాబా దగ్గరికి నేనే స్వయంగా పోయి బదులు ఇచ్చాను. సంతోషించాడు. నీ టికెట్ వచ్చే వారానికి చేస్తానన్నాడు. ఈసారి ఇన్షా అల్లా అనలేదు.

నీ వస్తువులు సర్దుకో. కరివేపాకు డబ్బా తీసుకుపోవద్దు, అక్కడే ఉంచు. నా ప్రయాణం నీతో కుదరదు, క్యాంపులో పెట్టెలు కట్టే పని మిగిలింది. నా గురించి అమ్మకు ఏమీ చెప్పవద్దు. చెంచు బోజే.

సిద్ధయ్య


కోనంపల్లె,
ఏప్రిల్ 3, 1982.

చిరంజీవి సిద్ధయ్యకు,

ఏమిరా, ఎప్పుడొస్తావు? అహ్మదీకి రాసిన ఉత్తరం తిరిగి వచ్చింది. ఇది మాబు పేరు మీద పంపుతున్నాను.

బావకు తిరుపతిలో మళ్ళీ విరిచి సరిగా కట్టారు. ఊతకర్రతో వాకిలిదాకా వస్తున్నాడు. రోజూ పొద్దున నేను తలుపు తీసి, వేసి, మళ్ళీ తీస్తున్నానంట. “దానికి గాలి తగలాల్నా ఏమి” అని అమ్మ నవ్వుతోంది. గడియ నా చేతిలో ఉందని చూసుకుంటున్నానని ఆమెకేం తెలుసు.

నీ బదులు ఎంత బాగా రాయించావోగానీ, బాబా నన్ను తన కారులోనే విమానం దాకా తెచ్చాడు. “జేన్, జేన్” అని నవ్వాడు, బాగుంది బాగుందని. ఫహద్ ఏడ్చాడు. నేనూ ఏడ్చాను, దాచుకోను.

యూజెఫ్ కొడుకు కబురు తెలిసిందా? ముగ్గురాయి గని అంచున, టెంకాయ కొట్టేచోట, బార్బరాకని ఒక దీపం పెట్టి వచ్చాను. బావ వింతగా చూశాడు. గనిదేవతే, మన అమ్మవారికి దూరపు చుట్టమని చెప్పాను.

అటక మీది పలక దించి తుడిచాను. తోలు బిగువుగానే ఉంది. నువ్వు వచ్చి వాయించాలి. కోడూరు స్టేషనుకు ఏ రోజు రమ్మంటావో వెంటనే బదులు రాయి.

అక్క


జహ్రా,
మే 14, 1982.

అక్కా,

ఉత్తరం పైన ఊరి పేరు చూశావు కదా. కూర్చుని చదువు.

బదల్ అంటే ఉత్తరం కాదు. మనిషికి మనిషి. నిన్ను పంపాలంటే నీ చోట ఇంకొకరిని తెమ్మని బాబా అడిగాడు. నాకు మాబు చెప్పాడు. నీకు చెబితే నువ్వు విమానం ఎక్కేదానివా? క్యాంపు మూసేలోగా కఫీల్‌ను, అంటే నా పూచీ యజమానిని, కాంట్రాక్టరు నుంచి బాబాకు మార్చుకున్నాను. నువ్వు గేటు దాటిన సాయంత్రమే లోపలికి వచ్చాను. నా పాస్‌పోర్టు నీది ఖాళీ చేసిన చోటే ఉంది. బీరువా మీద దుమ్ము రోజూ తుడుస్తున్నాను.

ఏడవద్దు. వంట, దివానియాలో కూర్చునే మగ అతిథులకు చాయ్, మిద్దె కడగడం, అంతే. ఎప్పుడు పంపిస్తావని ఒకసారి అడిగాను. మామా “బాదేన్” అంది. ఇంకొకసారి అడగలేదు. నిజం రాయమని నిన్ను అడిగినవాణ్ణి కాబట్టి రాస్తున్నాను, అప్పుడప్పుడు ఊపిరి ఆడదు. నువ్వు ఇన్నేళ్ళు ఎట్లా ఉన్నావో ఇప్పుడు తెలుస్తోంది.

యూజెఫ్‌ను ఇంకో దేశంలో పనికి పంపారు. కొడుకు కబురు అప్పటికి తెలియలేదు. పోయేటప్పుడు తన టోపీకి ఎర్ర ఈకలు కుట్టి నాకిచ్చాడు. నీ గదిలో నీ మేకుకే తగిలించాను. ఫహద్ అది పెట్టుకుని మిద్దెంతా తిరుగుతాడు. నేను తొట్టి మీద దరువేస్తాను. నీ కరివేపాకు మోకాలు ఎత్తుకు వచ్చింది.

మాబు గొట్టం కొట్టడం మానలేదు. ట్యాంకరు వచ్చినప్పుడల్లా కొడతాడు. నేను గరిటెతో బదులు కొడతాను.

పలకను మళ్ళీ అటక ఎక్కించవద్దు, గోడకు తగిలించు.

ఒక్కటే నవ్వు వచ్చే సంగతి. మామాకు కొత్త పేరు నోరు తిరగదు. పొద్దున్నే వంటింటి గుమ్మంలో నిలబడి, “సంజీవా!” అని నన్నే పిలుస్తుంది. నేను పలుకుతున్నాను అక్కా.

తమ్ముడు,
సిద్ధయ్య